ఒక పిచర్‌కు నలుగురు కుర్రాళ్లు: బేస్‌బాల్ ట్రేడ్‌లో న్యాయాన్ని ఎలా తూచాలి?

క్లుప్తంగా: పేరున్న పిచర్‌ను (బ్యాటర్‌కు బంతి వేసే ఆటగాణ్ని) ఇచ్చేసి, పెద్ద లీగ్‌లో ఇంకా అడుగుపెట్టని కుర్రాళ్లను తీసుకునే ట్రేడ్‌లు అమెరికా బేస్‌బాల్‌లో ఏటా జరుగుతాయి. ఎవరు గెలిచారు, ఎవరు మోసపోయారు అన్న వాదన ఏళ్ల తరబడి నడుస్తుంది. ఆ వాదనలో ఎక్కువ భాగం ఫలితం చూశాక పుట్టేదే. బేరం కుదిరిన రోజున ఎవరికి ఏం తెలుసు, కాంట్రాక్టు ఎంత మిగిలింది, ఎవరి అవసరం ఏమిటి అన్నవి చూస్తేనే అది సరైన బేరమో కాదో చెప్పగలం. పిచర్ల విషయంలో ఇది మరీ నిజం. వాళ్ల మోచేయి ఎప్పుడు దెబ్బతింటుందో ఎవరూ ముందుగా చెప్పలేరు.

వాదన ఎక్కడ మొదలవుతుంది

2025 జూలై 31న, ట్రేడ్‌ల గడువు ముగిసే రోజున, శాన్ డియాగో పాడ్రేస్ జట్టు అథ్లెటిక్స్ అనే జట్టు నుంచి మేసన్ మిల్లర్ అనే పిచర్‌ను తెచ్చుకుంది. గంటకు వంద మైళ్లు దాటిన వేగంతో బంతి వేయగలిగినవాడు. అతనితో పాటు జేపీ సియర్స్ అనే మరో పిచర్ కూడా వచ్చాడు. బదులుగా నలుగురు ఆటగాళ్లు అటు వెళ్లారు. వారిలో లియో డి వ్రీస్ అనే షార్ట్‌స్టాప్‌కు (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డింగ్ చేసేవాడు) అప్పటికి 18 ఏళ్లు. పెద్ద లీగ్‌కు కింది మెట్లైన మైనర్ లీగుల్లో మొదటి వరుసలో వినిపించే పేర్లలో అతనిదొకటి.

మిల్లర్ రిలీవర్. మ్యాచ్‌లో ఉండే తొమ్మిది ఇన్నింగ్స్‌లో చివరి ఒక్కటి వేసి ముగించడం అతని పని. అలాంటివాడి కోసం ఇంత పెద్ద ప్రాస్పెక్ట్‌ను, అంటే భవిష్యత్తు మీద ఆశలు పెట్టుకున్న కుర్రాణ్ని, వదులుకుంటారా అని కొందరు ఆశ్చర్యపోయారు. మిల్లర్ 2029 సీజన్ దాకా జట్టుతోనే ఉంటాడు కదా అని ఇంకొందరు సమర్థించారు. రెండు వాదనలూ వేర్వేరు కొలతలు పట్టుకుని మాట్లాడుతున్నాయి. చర్చ తెగకపోవడానికి అసలు కారణం అదే.

ఐపీఎల్ ట్రేడ్‌లు చూసిన తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక తేడా చెప్పాలి. 2025 నవంబరులో మహమ్మద్ షమీని సన్‌రైజర్స్ హైదరాబాద్ నుంచి లక్నో జట్టు 10 కోట్ల రూపాయలకు తీసుకుంది. సంజూ సామ్సన్ చెన్నైకి వస్తే, జడేజా, సామ్ కరన్ రాజస్థాన్‌కు వెళ్లారు. ఐపీఎల్‌లో ఆటగాడు ఒప్పుకోనిదే ట్రేడ్ జరగదు. కొన్నేళ్లకోసారి మెగా వేలం వచ్చి జట్లన్నీ దాదాపు మొదటికొస్తాయి. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఆ రెండూ లేవు. కాంట్రాక్టులో ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప, లేదా పదేళ్ల సర్వీసు ఉండి అందులో చివరి ఐదేళ్లు ఒకే జట్టులో గడిపితే తప్ప, ఆటగాడి ఇష్టాన్ని అడగాల్సిన పని లేదు. వేలం లేదు కాబట్టి ఒక కుర్రాడి మీద జట్టుకున్న హక్కు ఏళ్ల పాటు సాగుతుంది.

చేతులు మారేది ఆటగాడు ఒక్కడే కాదు

ఈ ట్రేడ్‌లలో అసలు సరుకు హక్కు మిగిలి ఉన్న సంవత్సరాలు. పెద్ద జట్టులో 172 రోజులు ఉంటే ఆటగాడికి ఒక ఏడాది సర్వీసు లెక్క వేస్తారు. ఆరేళ్లు పూర్తయితే అతను ఫ్రీ ఏజెంట్, ఎవరు ఎక్కువ ఇస్తే వాళ్ల దగ్గరికి వెళ్లొచ్చు. అంతవరకు హక్కు జట్టుదే. మొదటి మూడేళ్లు దాదాపు జట్టు చెప్పిన జీతమే. ఆ తర్వాతి మూడేళ్లు మధ్యవర్తి దగ్గర వాదించుకునే అవకాశం ఉంటుంది కానీ అప్పుడు కూడా మార్కెట్ ధర మొత్తం రాదు.

2025లో కనీస జీతం 7.6 లక్షల డాలర్లు. ఆ ఏడాది నేషనల్ లీగ్‌లో (మేజర్ లీగ్‌లోని రెండు సగాల్లో ఒకటి, రెండోది అమెరికన్ లీగ్) ఉత్తమ పిచర్‌గా సై యంగ్ అవార్డు గెలిచిన పాల్ స్కీన్స్ జీతం పది లక్షల డాలర్లు కూడా లేదు. అదే స్థాయి పిచర్‌ను మార్కెట్లో కొనాలంటే ఏడాదికి మూడు కోట్ల డాలర్లు దాటుతుంది. ఈ రెండు అంకెల మధ్య దూరమే జట్టుకు మిగిలే లాభం. విశ్లేషకులు దీన్ని మిగులు విలువ అంటారు.

లెక్క కట్టే తీరు ఇలా ఉంటుంది. ఒక ఆటగాడు సాధారణ ప్రత్యామ్నాయం కన్నా జట్టుకు ఎన్ని గెలుపులు అదనంగా తెస్తాడో అంచనా వేస్తారు. ఫ్రీ ఏజెంట్ మార్కెట్లో ఒక్కో అదనపు గెలుపు ఖరీదును సుమారు 80 లక్షల నుంచి కోటి డాలర్ల దాకా చూస్తారు. ఏడాదికి నాలుగు గెలుపులు తెచ్చే పిచర్ ఆట విలువ 3.2 నుంచి 4 కోట్ల డాలర్లు. అతని జీతం కోటి అయితే ఏటా రెండు కోట్లకు పైగా మిగులు. హక్కు మూడేళ్లు ఉంటే దానికి మూడింతలు. కౌలు గడువు ఎంత మిగిలిందో చూసి పొలానికి ధర కట్టినట్టే ఇది. అటువైపు ప్రాస్పెక్టులకు కూడా స్కౌట్లు (ప్రతిభను వెతికేవాళ్లు) ఇచ్చిన గ్రేడులను బట్టి, గతంలో అదే గ్రేడు ఉన్నవాళ్లు సగటున ఎంత రాణించారో చూసి, డాలర్లలో విలువ కడతారు. రెండు మొత్తాలు దగ్గర దగ్గరగా ఉంటే బేరం సరైనదనుకుంటారు.

ఒకే ఏడాది, రెండు ధరలు

ఈ లెక్క నిజంగా ఎలా పనిచేస్తుందో 2017లో జరిగిన రెండు ట్రేడ్‌లు చూపిస్తాయి. జూలైలో షికాగో కబ్స్ తమ ఊరి ప్రత్యర్థి వైట్ సాక్స్ నుంచి హోసే కింటానాను తీసుకుంది. వయసు 28. నిలకడగా ఆడే ఎడమచేతి పిచర్. 2020 దాకా హక్కు ఉంది, జీతం ఏడాదికి కోటి డాలర్ల చుట్టుపక్కలే. ఇచ్చింది మాత్రం ఎలోయ్ హిమెనెజ్, డిలన్ సీస్ అనే ఇద్దరు పెద్ద ప్రాస్పెక్టులను, వారితో మరో ఇద్దరిని.

అప్పట్లో ఉన్న మరో గడువు, ఆగస్టు 31 అర్ధరాత్రికి క్షణాల ముందు హ్యూస్టన్ ఆస్ట్రోస్ డెట్రాయిట్ టైగర్స్ నుంచి జస్టిన్ వెర్‌లాండర్‌ను తీసుకుంది. కింటానా కన్నా ఎన్నో రెట్లు పేరున్న పిచర్. అయినా ఇచ్చిన ముగ్గురు కుర్రాళ్లలో హిమెనెజ్ స్థాయివాడు లేడు. కారణం వెర్‌లాండర్ వయసు 34, తర్వాతి రెండేళ్లకు జీతం ఏటా 2.8 కోట్ల డాలర్లు. అందులో ఏటా 80 లక్షలు డెట్రాయిట్ భరించడానికి ఒప్పుకున్నా మిగిలిన భారం పెద్దదే. ఆట విలువకూ జీతానికీ మధ్య మిగులు పెద్దగా లేదు. కాబట్టి ప్రాస్పెక్టుల రూపంలో వచ్చే ధర తగ్గింది.

తర్వాత ఏమైందో అందరికీ తెలుసు. వెర్‌లాండర్ ఆ సెప్టెంబరులో ఐదు మ్యాచ్‌లు ఆడి ఐదూ గెలిచాడు (బేస్‌బాల్‌లో గెలుపు ఓటములను పిచర్ పేరు మీద కూడా రాస్తారు), హ్యూస్టన్ ఆ ఏడాది లీగ్ ఫైనలైన వరల్డ్ సిరీస్ గెలిచింది. 2019లో, మళ్లీ 2022లో అతను సై యంగ్ అవార్డు తీసుకున్నాడు. డెట్రాయిట్‌కు వచ్చిన ముగ్గురిలో ప్రధానమైన ఫ్రాంక్లిన్ పెరెస్ అనే యువ పిచర్ గాయాలతో పెద్ద లీగ్ దాకా రానేలేదు. కింటానా కబ్స్ తరఫున మామూలుగా ఆడాడు. అతని కోసం వదులుకున్న సీస్ 2022లో అమెరికన్ లీగ్ సై యంగ్ పోటీలో రెండో స్థానంలో నిలిచాడు. మొదటి స్థానం వెర్‌లాండర్‌ది.

ఈ ఫలితాలను బట్టి కబ్స్ తెలివితక్కువదని, హ్యూస్టన్ మహా తెలివైనదని అనడం తొందరపాటు. 34 ఏళ్ల పిచర్ 39 ఏళ్ల వయసులో కూడా లీగ్‌లో ఉత్తముడిగా నిలవడం అరుదు. ఆ అరుదైన సంగతిని ధరలో కలపడం 2017లో ఎవరికీ సాధ్యం కాదు.

మోచేయి దగ్గర లెక్క తప్పుతుంది

బ్యాటర్ల ట్రేడ్‌లలో కూడా అంచనాలు తప్పుతాయి. పిచర్ల విషయంలో తప్పే తీరు వేరు. పిచర్ క్రమంగా తగ్గిపోకుండా ఒక్క రోజులో ఆగిపోవచ్చు. మోచేయి లోపలి వైపున్న లిగమెంట్ తెగితే ఒంట్లో మరో చోటి నుంచి స్నాయువు తీసి అక్కడ కుట్టాలి. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఈ ఆపరేషన్ మొదటిసారి చేసిన పిచర్ పేరు మీదే దాన్ని టామీ జాన్ సర్జరీ అంటున్నారు. కోలుకోవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. అంటే హక్కు రెండేళ్లే మిగిలిన పిచర్‌ను కొన్నాక ఇది జరిగితే, కొన్నదాంట్లో సగానికి పైగా పోయినట్టే. 2024 డిసెంబరులో లీగ్ స్వయంగా విడుదల చేసిన నివేదిక, గాయాలు పెరగడానికి వేగం మీద మోజునూ ప్రతి బంతికీ పూర్తి బలం పెట్టి వేయడాన్నీ ప్రధాన కారణాలుగా చూపింది. జట్లు ధర ఎక్కువ పెట్టేది కూడా ఆ వేగానికే. విలువ పెంచే గుణమే ప్రమాదాన్నీ పెంచుతోంది. ఈ వ్యవహారంలో అన్నిటికన్నా ఆందోళన కలిగించే విషయం ఇదే.

పిచర్‌ను ఇచ్చి పిచింగ్ ప్రాస్పెక్ట్‌ను తీసుకునే బేరంలో ఈ ప్రమాదం ఇరువైపులా ఉంటుంది. 2016 డిసెంబరులో బోస్టన్ రెడ్ సాక్స్ క్రిస్ సేల్‌ను తెచ్చుకుని యోవాన్ మోంకాడా, మైకేల్ కోపెక్‌తో పాటు మరో ఇద్దరిని వైట్ సాక్స్‌కు ఇచ్చింది. సేల్ 2017లో 308 స్ట్రైకౌట్లు తీశాడు (అంటే అన్నిసార్లు బ్యాటర్‌ను బంతి కొట్టనివ్వకుండా అవుట్ చేశాడు), 2018లో బోస్టన్ వరల్డ్ సిరీస్ గెలిచింది. మెరుపు వేగం ఉన్న కోపెక్‌కు 2018 సెప్టెంబరులో, సేల్‌కు 2020 మార్చిలో ఇదే సర్జరీ జరిగింది.

అందుకే అనుభవమున్న జట్లు రెండు జాగ్రత్తలు తీసుకుంటాయి. ఒకే గ్రేడు ఉన్నా బ్యాటర్‌కు ఎక్కువ, పిచర్‌కు తక్కువ విలువ కడతాయి. ఒక్కరి మీదే భారం పెట్టకుండా ముగ్గురు నలుగురిని అడుగుతాయి. ఈ రెండో జాగ్రత్త ఎంత పనికొస్తుందో 2008లో క్లీవ్‌లాండ్‌కు తెలిసొచ్చింది. సీసీ సబాతియా అనే పిచర్‌ను మిల్వాకీ బ్రూవర్స్‌కు ఇచ్చినప్పుడు అందరి దృష్టీ మ్యాట్ లపోర్టా మీదే. అతను నిలదొక్కుకోలేదు. పేరు తర్వాత చెబుతామని ఒప్పందంలో ఖాళీగా ఉంచిన చోటులో ఆ అక్టోబరులో వచ్చిన మైకేల్ బ్రాంట్లీ మాత్రం ఐదుసార్లు ఆల్‌స్టార్‌గా, అంటే ఆ ఏడాది మేటి ఆటగాళ్లలో ఒకడిగా, ఎంపికయ్యాడు.

రిలీవర్ల లెక్క ఇంకొంచెం చిక్కు. మ్యాచ్ మొదలుపెట్టే పిచర్, అంటే స్టార్టర్, సీజన్‌లో 150 నుంచి 200 ఇన్నింగ్స్ వేస్తే, రిలీవర్ వేసేది 60, 70. కాగితం మీద అతని విలువ ఎప్పుడూ చిన్నదే. 1990 ఆగస్టులో బోస్టన్ లారీ ఆండర్సన్ అనే రిలీవర్ కోసం జెఫ్ బాగ్‌వెల్‌ను హ్యూస్టన్‌కు ఇచ్చేసింది. ఆండర్సన్ బోస్టన్‌కు వేసింది 22 ఇన్నింగ్స్. బాగ్‌వెల్ ఆటలో అత్యున్నత గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లాడు. అలాగని రిలీవర్‌కు పెద్ద ధర ఎప్పుడూ తప్పేనని అనలేం. 2016లో కబ్స్ అరోల్డిస్ చాప్‌మన్‌ను మూడు నెలల ఆట కోసం తెచ్చుకుని గ్లేబర్ టోరెస్ అనే మేటి ప్రాస్పెక్ట్‌ను యాంకీస్‌కు ఇచ్చింది. ఆ ఏడాదే కబ్స్ 1908 తర్వాత మొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది. ప్లేఆఫ్స్‌లో వేసే ఒక్కో ఇన్నింగ్స్ బరువు వేరు, సీజన్ సగటుల్లో అది కనిపించదు. పైగా మిల్లర్‌కు ఉన్నది మూడు నెలలు కాదు, నాలుగేళ్లకు పైగా. చాప్‌మన్ ధరతో అతని ధరను పోల్చేవాళ్లు ఈ తేడాను కూడా లెక్కలో వేయాలి.

అవసరం కూడా విలువే

డాలర్ల లెక్కలో ఒక లోపం ఉంది. ఒక గెలుపు ఏ జట్టుకైనా ఒకే విలువ అన్నట్టు చూస్తుంది. 162 మ్యాచ్‌ల సీజన్‌లో 65 గెలిచే జట్టుకు మరో నాలుగు గెలుపులు వస్తే ఏమీ మారదు. 87 దగ్గర ఉన్న జట్టుకు అవే నాలుగు ప్లేఆఫ్స్ తలుపు తీయొచ్చు.

2024లో వైట్ సాక్స్ 121 మ్యాచ్‌లు ఓడింది, ఆధునిక యుగంలో అది రికార్డు. ఆ జట్టులో గారెట్ క్రోషే 146 ఇన్నింగ్స్‌లో 209 స్ట్రైకౌట్లు తీశాడు. అతని మీద హక్కు ఇంకా రెండేళ్లే. ఆ రెండేళ్లలో వైట్ సాక్స్ గెలిచే స్థితికి రావడం కష్టం. డిసెంబరులో అతన్ని బోస్టన్‌కు ఇచ్చి కైల్ టీల్, బ్రాడెన్ మోంట్‌గోమరీ, చేజ్ మైడ్రాత్, వికెల్మన్ గొన్సాలెస్‌లను తీసుకుంది. క్రోషే స్టార్టర్‌గా ఆడింది ఒక్క సీజనే, 2022లో టామీ జాన్ సర్జరీ కూడా అయింది. మోంట్‌గోమరీ అప్పటికి ప్రొఫెషనల్‌గా ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఇరువైపులా అనుమానాలున్నాయి, ఇరువైపులా అవసరం ఉంది. మంచి ట్రేడ్ అంటే ఇలా ఉండాలి. 2025లో క్రోషే 255 స్ట్రైకౌట్లతో అమెరికన్ లీగ్‌లో మొదట నిలిచాడు, అంతకుముందే బోస్టన్‌తో ఆరేళ్లకు 17 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. టీల్, మైడ్రాత్ కూడా అదే ఏడాది వైట్ సాక్స్ పెద్ద జట్టులో ఆడారు.

కాన్సాస్ సిటీ రాయల్స్ కథ ఇంకా బలమైన ఉదాహరణ. 2012 డిసెంబరులో టాంపా బే నుంచి జేమ్స్ షీల్డ్స్, వేడ్ డేవిస్‌లను తీసుకుని, విల్ మైయర్స్, జేక్ ఒడొరిజీతో పాటు మరో ఇద్దరిని ఇచ్చినప్పుడు విశ్లేషకుల్లో చాలామంది రాయల్స్‌నే తప్పుపట్టారు. మిగులు విలువ లెక్కలో వాళ్లు అన్నది సబబే. 2013లో మైయర్స్ అమెరికన్ లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడిగా ఎంపికయ్యాడు కూడా. కానీ 1985 తర్వాత ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్ చూడని ఊరు అది. 2014లో ఆ జట్టు వరల్డ్ సిరీస్ దాకా వెళ్లింది, 2015లో గెలిచింది. అప్పటికి షీల్డ్స్ వెళ్లిపోయాడు. ఆఖరి ఇన్నింగ్స్ వేసి సిరీస్ ముగించింది, ఆ ట్రేడ్‌లో రెండో పేరుగా వచ్చిన డేవిస్.

1987 ఆగస్టులో డెట్రాయిట్ 36 ఏళ్ల డోయల్ అలెగ్జాండర్ కోసం అట్లాంటాకు జాన్ స్మోల్ట్స్‌ను ఇచ్చిన ట్రేడ్‌ను చరిత్రలోకెల్లా చెడ్డవాటిలో ఒకటిగా చెబుతారు. స్మోల్ట్స్ తర్వాత 213 మ్యాచ్‌లు గెలిచి హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. ట్రేడ్ రోజున అతను మైనర్ లీగ్‌లో 4 గెలుపులు, 10 ఓటములతో ఉన్న 20 ఏళ్ల కుర్రాడు. అలెగ్జాండర్ మిగిలిన సీజన్‌లో 9 గెలిచి ఒక్కటీ ఓడలేదు. డెట్రాయిట్ రెండు మ్యాచ్‌ల తేడాతో తన డివిజన్‌లో (లీగ్‌లోని ఒక గ్రూపు) మొదట నిలిచింది. కోరుకున్నది దక్కింది. చెల్లించిన ధర ఎంత పెద్దదో తెలియడానికి ఏళ్లు పట్టింది. దీన్ని అన్యాయమైన ట్రేడ్ అనడం సరికాదు.

నిజంగా అన్యాయం జరిగేది ఎక్కడ

ఒక జట్టుకు తెలిసిన విషయం రెండో జట్టుకు తెలియకపోతే అప్పుడు బేరం చెడుతుంది. 2016 జూలైలో పాడ్రేస్ డ్రూ పోమెరాన్స్‌ను బోస్టన్‌కు ఇచ్చి ఆండర్సన్ ఎస్పినోసా అనే 18 ఏళ్ల పిచర్‌ను తీసుకుంది. పోమెరాన్స్‌కు సంబంధించిన వైద్య సమాచారం పూర్తిగా ఇవ్వలేదని తేలడంతో లీగ్ విచారణ జరిపి, పాడ్రేస్ జనరల్ మేనేజర్ ఏజే ప్రెల్లర్‌ను సెప్టెంబరులో జీతం లేకుండా 30 రోజులు సస్పెండ్ చేసింది. ట్రేడ్‌ను మాత్రం రద్దు చేయలేదు. తర్వాత జరిగింది చూడండి. పోమెరాన్స్ 2017లో బోస్టన్‌కు 17 మ్యాచ్‌లు గెలిచాడు. ఎస్పినోసా మోచేయికి రెండుసార్లు సర్జరీ జరిగింది. ఫలితం చూస్తే లాభపడింది బోస్టన్. అయినా తప్పు జరిగింది బోస్టన్ పట్లే. ఫలితమే కొలత అనుకుంటే ఈ సంగతి కనపడకుండా పోతుంది.

అదే జూలైలో పాడ్రేస్ మయామీ మార్లిన్స్‌కు ఇచ్చిన కాలిన్ రే మొదటి మ్యాచ్‌లోనే మోచేతి నొప్పితో మైదానం వదిలాడు. రెండు రోజుల్లో అతన్ని వెనక్కి పంపి, మార్లిన్స్ తాను ఇచ్చిన యువ పిచర్ లూయిస్ కాస్టియోను తిరిగి తీసుకుంది. ఆ కాస్టియో తర్వాత ఆల్‌స్టార్ అయ్యాడు.

కమిషనర్ జోక్యం చేసుకుని ఒప్పందాలను కొట్టేసిన సందర్భాలు చాలా అరుదు. 1976 జూన్‌లో ఓక్‌లాండ్ జట్టు యజమాని చార్లీ ఫిన్లీ, వైడా బ్లూను 15 లక్షల డాలర్లకు యాంకీస్‌కు, రోలీ ఫింగర్స్, జో రూడీలను చెరో పది లక్షలకు బోస్టన్‌కు అమ్మితే కమిషనర్ బౌయీ కూన్ ఆ అమ్మకాలను రద్దు చేశాడు. ఫిన్లీ కోర్టుకెళ్లి ఓడిపోయాడు. అక్కడ కూడా అభ్యంతరం ధర తక్కువని కాదు. డబ్బు తీసుకుని జట్టును ఖాళీ చేయడం ఆటకు మంచిది కాదని.

నిజమైన ఆటగాళ్ల పేర్లతో ఊహా జట్లు కట్టి ఫాంటసీ బేస్‌బాల్ ఆడేవాళ్ల మధ్య ట్రేడ్‌ను వీటో చేయాలా వద్దా అనే గొడవకు కూడా ఇదే వర్తిస్తుంది. ఇద్దరు కుమ్మక్కైతే తప్ప, ఒకరు తప్పుగా అంచనా వేశారని మిగతావాళ్లు బేరాన్ని ఆపడం సబబు కాదు. ఆటగాళ్లను ఏటేటా అట్టిపెట్టుకునే లీగుల్లో, ఈ ఏడాది కప్పు కావాల్సినవాడికీ మూడేళ్ల తర్వాత చూసుకుందామనుకునేవాడికీ ఒకే పిచర్ విలువ ఒకటి కాదు.

ముందు ఏం మారవచ్చు

2022 నుంచి ప్లేఆఫ్స్‌కు 12 జట్లు వెళ్తున్నాయి. జూలై చివరికి ఇంకా ఆశలున్న జట్లు పెరిగాయి, అమ్మేవాళ్లు తగ్గారు. మంచి పిచర్ దొరికితే ధర పెరగడానికి ఇది ఒక కారణం. మరోవైపు, సీజన్ మధ్యలో తెచ్చుకున్న ఆటగాడు ఆ ఏడాది చివర్లో వెళ్లిపోతే పరిహారంగా డ్రాఫ్ట్ పిక్, అంటే కొత్త ఆటగాణ్ని ఎంచుకునే అదనపు అవకాశం, రాదు. సబాతియా రోజుల్లో వచ్చేది. సీజన్ మొదలు కాకముందే తెచ్చుకుంటే ఇప్పటికీ వస్తుంది. 2024 ఫిబ్రవరిలో కార్బిన్ బర్న్స్‌ను తెచ్చుకున్న బాల్టిమోర్‌కు అతను ఏడాదికే అరిజోనాకు వెళ్లిపోయినా ఆ పిక్ దక్కింది. అందువల్ల ఒకే ఏడాది హక్కు ఉన్న పిచర్‌కు చలికాలంలో ఉండే ధర జూలైలో ఉండదు.

వీటన్నిటికీ ఆధారమైన నియమాలు ఆటగాళ్ల సంఘానికీ యజమానులకూ మధ్య ఉన్న ఒప్పందంలోవి. దాని గడువు 2026 డిసెంబరు 1తో ముగుస్తుంది. ఆరేళ్ల హక్కు, మధ్యవర్తి దగ్గరి జీతాలు, కనీస జీతం వీటిలో ఏది మారినా మిగులు విలువ లెక్క కూడా మారుతుంది. ఫ్రీ ఏజెన్సీ ఒక ఏడాది తొందరగా వస్తే ప్రాస్పెక్టుల విలువ తగ్గుతుంది, అనుభవమున్న పిచర్ కోసం వాళ్లను ఇచ్చేయడం జట్లకు తేలికవుతుంది. జీతాల మీద గట్టి పరిమితి వస్తే తక్కువ జీతానికి ఆడే కుర్రాళ్లు ఇంకా ప్రియమవుతారు. ఈలోగా హక్కు 2027కు, ఆపైకి సాగే ట్రేడ్‌లు కుదుర్చుకునే జట్లు, నియమాలు ఎటు మారతాయన్న అంచనాను కూడా ధరలో కలుపుకోవాల్సి ఉంటుంది.